గీతలు గీసేవారికి కోర్టు దక్కేదెప్పుడు?

డిగ్రీ కళాశాలల్లో ప్రవేశాల హడావుడి ముగిసింది. ఇక అంతర్ కళాశాలల క్రీడాపోటీల కాలం మొదలవుతుంది. ఏటా ఈ రోజుల్లో విశ్వవిద్యాలయం నుంచి కళాశాలలకు ఒక ప్రవేశపత్రం వస్తుంది. అందులో క్రీడల పేర్లన్నీ వరుసగా ఉంటాయి. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, పరుగుపందేల గడులు క్షణాల్లో నిండిపోతాయి. పేర్లు ఎక్కువై కొందరిని తీసివేయవలసి వస్తుంది కూడా. ‘టెన్నిస్, పురుషులు’ అన్న గడి దగ్గరకు వచ్చేసరికి మాత్రం కలం ఆగుతుంది. అక్కడొక అడ్డగీత పడుతుంది. పశ్చిమ ప్రకాశంలో అధ్యాపకుడిగా పనిచేసిన కాలంలో ఆ అడ్డగీతను నేనూ గీశాను. గీసిన ప్రతిసారీ అది సహజమే అనుకున్నాను. మన ప్రాంతానికి టెన్నిస్ ఎక్కడిది, మన పిల్లలకు రాకెట్ ఎక్కడిది అని సరిపెట్టుకున్నాను. ఇప్పుడు వెనుదిరిగి చూస్తే, ఆ గీత కలంతో గీసింది కాదనీ, అంతకుముందే సమాజం గీసి ఉంచినదానిపై నేను మరొకసారి సిరా పూశాననీ అర్థమవుతున్నది.

కొత్త సీజన్‌ను అంచనా వేసేవారు సాధారణంగా ఎవరు గెలుస్తారో చెబుతారు. ఈ వ్యాసంలో నేను అడుగుతున్న ప్రశ్న వేరు. అసలు బరిలో ఎవరుండరు? ఎందుకుండరు?

విశ్వవిద్యాలయ క్రీడల నిర్మాణం నిచ్చెన వంటిది. కళాశాలల మధ్య పోటీ మొదటి మెట్టు. అందులో రాణించినవారితో విశ్వవిద్యాలయ జట్టు ఏర్పడుతుంది. ఆ జట్టు దక్షిణ మండల పోటీలకు వెళ్తుంది. అక్కడ నెగ్గుకొస్తే అఖిల భారత స్థాయి. ఈ పోటీలన్నీ 1925లో పుట్టిన భారత విశ్వవిద్యాలయాల సంఘం ఆధ్వర్యంలో జరుగుతాయి. 2020లో భువనేశ్వర్‌లో మొదలైన ఖేలో ఇండియా విశ్వవిద్యాలయ క్రీడలు ఈ నిచ్చెనకు మరో మెట్టును చేర్చాయి. మన ప్రాంత కళాశాలలు ఒకప్పుడు నాగార్జున విశ్వవిద్యాలయం పరిధిలో ఉండేవి. ఇప్పుడు ఒంగోలులోని ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయం వాటికి పెద్దదిక్కు. విశ్వవిద్యాలయం దగ్గరైతే అవకాశమూ దగ్గరవుతుందని ఆశించాము. టెన్నిస్ విషయంలో ఆ ఆశ ఫలించే సూచనలు నాకు కనిపించడం లేదు. జట్టులో ఉండేది నలుగురైదుగురు. చిన్ననాటి నుంచి శిక్షణ పొంది, సొంత రాకెట్ పట్టుకుని వచ్చే పట్టణ కుటుంబాల కుర్రవాళ్ళే ఆ స్థానాలను నింపుతారని చెప్పడానికి జ్యోతిషం అక్కరలేదు.

మొదటి అడ్డంకి దూరం. మార్కాపురం నుంచి ఒంగోలు దాదాపు నూరు కిలోమీటర్లు. గిద్దలూరు ఇంకా దూరం. గుంటూరు, నంద్యాలల మధ్య నడిచే రైలు మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు మీదుగా పోతుంది గాని ఒంగోలు ముఖం చూడదు. ఉదయం తొమ్మిదింటికి ఎంపిక పోటీ ఉన్నదంటే కొమరోలు, అర్ధవీడు, పుల్లలచెరువు మండలాల విద్యార్థి ముందురోజే బయలుదేరాలి. రాత్రి ఎక్కడో తలదాచుకోవాలి. ప్రయాణపు ఖర్చును తరువాత బిల్లు పెట్టి తీసుకోవచ్చునని నిబంధన చెబుతుంది. ముందు పెట్టడానికి చేతిలో డబ్బున్నవాడికే ఆ నిబంధన పనికివస్తుంది. ప్రత్యేక జిల్లా కోసం ఈ ప్రాంత ప్రజలు దశాబ్దాలుగా గొంతెత్తడానికి కారణం కూడా ఈ దూరమే. అయితే ఆ దూరం అందరికీ ఒకే కొలత కాదు. కారున్న ఇంటికి అది రెండున్నర గంటల ప్రయాణం. కూలికి పోయే ఇంటికి అది రెండు రోజుల కూలి.

రెండవ అడ్డంకి కాలం. విశ్వవిద్యాలయ పోటీలు జరిగే శీతకాలపు నెలలే ఇక్కడ పత్తి తీసే నెలలు. ఆ వెనుకనే మిరపకోతలు. యర్రగొండపాలెం, త్రిపురాంతకం వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు, పల్నాడు మిరపచేలకు తరలిపోతాయి. ఇంకొందరు హైదరాబాదు, బెంగళూరులలో కట్టడపు పనులకు వెళ్తారు. చదువుకునే కొడుకు సెలవురోజున ఆడటానికి వెళ్తే ఆ రోజు ఇంటికి రావలసిన కూలి రాదు. క్రీడల క్యాలెండరు తయారుచేసేవారి లెక్కలో పరీక్షలు ఉంటాయి, పండుగలు ఉంటాయి. పత్తి లేదు, మిరప లేదు. ఎవరి జీవితం క్యాలెండరుకు ఎక్కుతుందో, ఎవరిది ఎక్కదో చూస్తే చాలు, ఆ కాగితం ఏ సామాజిక వర్గాన్ని దృష్టిలో పెట్టుకుని తయారైందో తెలిసిపోతుంది.

మూడవ అడ్డంకి చోటు. దీని వెనుక నూరేళ్ళ పైబడిన చరిత్ర ఉన్నది. 1874లో ఇంగ్లండులో వింగ్‌ఫీల్డ్ అనే సైనికాధికారి పచ్చిక టెన్నిస్‌కు హక్కుపత్రం పొందాడు. కొద్దికాలానికే అది దొరలతో పాటు మన దేశానికి వచ్చింది. పట్టణాలలో ఆఫీసర్స్ క్లబ్బులు, కాస్మోపాలిటన్ క్లబ్బులు వెలిశాయి. దొరలు పోయాక ఆ సభ్యత్వాలు అధికారులకు, వకీళ్ళకు, పెద్ద కాంట్రాక్టర్లకు, భూస్వాములకు సంక్రమించాయి. ఆ క్లబ్బుల్లో ‘మార్కర్’ అని ఒక ఉద్యోగి ఉండేవాడు. కోర్టు చదును చేయడం, వల కట్టడం, సభ్యులకు తోడు లేనప్పుడు వారితో ఆడి సాధన చేయించడం అతని పని. ఆట అతనికే ఎక్కువ తెలుసు. సభ్యత్వం మాత్రం అతనికి లేదు. నైపుణ్యం ఒకరిది, హక్కు మరొకరిది. కులవ్యవస్థలో పనికి, ఫలానికి మధ్య ఉన్న సంబంధమే క్లబ్బు గోడల మధ్య యథాతథంగా కొనసాగింది.

ఇది పుస్తకాలు చదివి చెబుతున్న మాట కాదు. నా విద్యార్థుల్లో ఒకడు సాయంత్రాలు ఒక క్లబ్బులో పనిచేసేవాడు. దళితవాడ నుంచి వచ్చినవాడు. నేల తడిపి, రోలరు లాగి, సున్నపు గీతలు గీసి, సభ్యులు వచ్చాక బంతులు అందించేవాడు. సభ్యులెవరూ రాని మధ్యాహ్నపు ఎండలో, పారేసిన పాత రాకెట్‌తో గోడకు కొట్టి ఆట నేర్చుకున్నాడు. ఒకనాడు అతని సర్వీసును చూసి నేనే ఆశ్చర్యపోయాను. అంతర్ కళాశాలల పోటీకి పేరు పంపుదామన్నాను. సాధనకు రోజూ ఒక గంట కోర్టు ఇవ్వమని అడగడానికి ఇద్దరం కలిసి వెళ్ళాము. అక్కడివారు మర్యాదగానే మాట్లాడారు. కుర్చీ వేశారు, టీ ఇచ్చారు. సభ్యులకు, సభ్యుల పిల్లలకు మాత్రమే ఆడే అవకాశమని నియమావళి చూపించారు. ఎవరూ అతని కులం అడగలేదు. అడగవలసిన అవసరమే రాలేదు. ఆ సంవత్సరం కూడా ప్రవేశపత్రంలో అడ్డగీతే పడింది. తిరిగివస్తుంటే అతడన్న మాట ఒకటే: “పోనీలెండి సార్, రేపు గీతలు గీయాలి, పొద్దున్నే రమ్మన్నారు.”

ఈ కథకు మన దేశంలోనే పాత ప్రతిరూపం ఒకటున్నది. పల్వంకర్ బాలూ అనే చర్మకార కులస్థుడు 19వ శతాబ్దపు చివరి దశకంలో పుణెలోని తెల్లవారి క్లబ్బులో మైదానపు కూలీగా ఉండేవాడు. పిచ్ చదును చేయడం, వలలు కట్టడం, అవసరమైనప్పుడు టెన్నిస్ కోర్టుకు గీతలు గీయడం అతని పనులు. దొరలకు బంతులు వేసి వేసి దేశంలోనే గొప్ప స్పిన్ బౌలర్ అయ్యాడు. 1911లో ఇంగ్లండు పర్యటనలో నూరుకు పైగా వికెట్లు తీశాడు. హిందువుల జట్టుకు అతని చేతివాటం కావలసివచ్చింది. మైదానంలో అతడు వేసిన బంతిని తాకినవారే, విరామంలో అతనికి విడిగా మట్టిపాత్రలో టీ పోయించారు. ఆ జట్టు నాయకత్వం అతనికి ఏనాడూ దక్కలేదు. తమ్ముడు విఠల్‌కు దక్కింది, అదీ 1923లో, ఎంతో వివాదం తరువాత. ప్రతిభ తలుపు తడుతుంది నిజమే. తెరవడమా, మూయడమా అన్నది మాత్రం లోపలివాళ్ళ చేతిలో ఉంటుంది.

కళాశాల టెన్నిస్‌కే వస్తే, ఆర్థర్ ఆష్ ఉదాహరణ మనకు మరింత దగ్గరిది. అమెరికాలోని రిచ్‌మండ్ నగరంలో నల్లజాతివారి కోసం వేరుచేసిన ఉద్యానవనానికి అతని తండ్రి కాపలాదారు. ఆ ఉద్యానవనంలోని కోర్టులే బాలుడి తొలి బడి. తెల్లవారి కోర్టుల్లో అతనికి ప్రవేశం లేదు. నల్లజాతి క్రీడాకారులు తమను రానివ్వని వ్యవస్థకు ప్రతిగా 1916లోనే సొంత టెన్నిస్ సంఘం పెట్టుకున్నారు. రాబర్ట్ వాల్టర్ జాన్సన్ అనే నల్లజాతి వైద్యుడు తన ఇంటి కోర్టులో ఆష్ వంటి పిల్లలకు శిక్షణ ఇచ్చాడు. లాస్ ఏంజెలస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఉపకారవేతనం ఇచ్చి చేర్చుకున్నది. 1965లో ఆష్ అమెరికా కళాశాలల సింగిల్స్ విజేత అయ్యాడు. 1968లో అమెరికా ఓపెన్, 1975లో వింబుల్డన్ గెలిచాడు. ఇందులో గమనించవలసిన వరుస ఒకటున్నది. ముందు అందుబాటులో ఒక కోర్టు, తరువాత ఒక గురువు, ఆ తరువాత ఖర్చు భరించిన ఒక విశ్వవిద్యాలయం. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆష్ పేరు మనకు తెలిసేది కాదు.

తెలుగునాట కూడా కళాశాల టెన్నిస్ విలువ తెలియనిది కాదు. విజయవాడలో పుట్టిన సాకేత్ మైనేని అమెరికాలోని అలబామా విశ్వవిద్యాలయం తరఫున ఆడి రాటుదేలాడు. 2014 ఆసియా క్రీడల్లో సానియా మీర్జాతో కలిసి మిశ్రమ డబుల్స్ స్వర్ణం సాధించాడు. ఆ శ్రమను ఎవరూ తక్కువ చేయలేరు. కళాశాల అనే దశ ఒక ఆటగాణ్ణి ఎంత దూరం తీసుకుపోగలదో ఆ ప్రయాణం చూపిస్తుంది. నా ప్రశ్నల్లా ఒకటే. ఆ దశకు చేరేలోపు గడవలసిన పదేళ్ళ సాధనకు మన పల్లెల్లో, మన వాడల్లో చోటెక్కడ?

“ఆటలో కులమేమిటి? స్కోరు బోర్డుకు కులం తెలియదు కదా” అనేవారున్నారు. నిజమే, స్కోరు బోర్డుకు తెలియదు. కోర్టులోకి ఎవరు అడుగుపెట్టాలో తేల్చేది స్కోరు బోర్డు కాదు. ఇంకొందరు సానుభూతితోనే, “మన కుర్రాళ్ళు కబడ్డీలో, పరుగులో రాణిస్తున్నారు, అది చాలదా?” అంటారు. కబడ్డీ గొప్ప ఆట. మనిషిని మనిషి పట్టుకోకుండా, తాకకుండా అది సాగదు. అంటరానితనం ఉన్న నేల మీద ఆ స్పర్శకు ఒక విలువున్నది. కానీ కష్టజీవుల పిల్లలకు ఒంటిబలం ఆటలు, ఉన్నవారి పిల్లలకు పరికరాల ఆటలు అని పంచిపెట్టడంలో పాత వాసన ఉన్నది. ఎవరి వృత్తి వారికే తగునన్న ధర్మశాస్త్రం, ఎవరి ఆట వారికే తగునన్న రూపంలో మైదానంలోకి వచ్చింది. మధ్యలో వల, ఇరువైపులా ఇద్దరు, ఒకరినొకరు తాకనక్కరలేని ఆట టెన్నిస్. అయినా ఆ వలకు అవతలివైపు దళితుడు నిలబడటానికి ఇన్నాళ్ళు పట్టిందంటే, సమస్య స్పర్శతో ఆగలేదని, సమాన స్థాయి దగ్గరే అసలు అభ్యంతరమని తెలుస్తున్నది.

ఇది కేవలం సరదాకు సంబంధించిన వ్యవహారం కాదు. దీనితో ఉద్యోగాలు ముడిపడి ఉన్నాయి. అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో తన విశ్వవిద్యాలయానికి ప్రాతినిధ్యం వహించినవారికి కేంద్ర ప్రభుత్వపు క్రీడాకోటా నియామకాల్లో అర్హత ఉన్నది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024–29 క్రీడావిధానంలో ఉద్యోగాల క్రీడాకోటాను 2 శాతం నుంచి 3 శాతానికి పెంచింది. స్వాగతించవలసిన నిర్ణయమే. అయితే ఆ కోటా తలుపుకు తాళంచెవి ధ్రువపత్రం. కబడ్డీ జట్టులో చోటు కోసం దాదాపు ప్రతి కళాశాల పోటీపడుతుంది. పదుల కొద్దీ జట్ల నుంచి పన్నెండు మంది తేలాలి. టెన్నిస్‌కు పేర్లు పంపే కళాశాలలు వేళ్ళమీద లెక్కించదగినన్ని. అక్కడ కొద్దిమందిలోనే నలుగురైదుగురు జట్టులోకి చేరతారు. కష్టపడి ఆడే వేలమందికి ఇరుకు దారి, కోర్టు అందుబాటులో ఉన్న కొద్దిమందికి విశాలమైన దారి. ఎవరూ మోసం చేయనక్కరలేదు. నిబంధన ప్రకారమే అసమానత ధ్రువపత్రమై చేతికి వస్తుంది. రిజర్వేషన్లను ‘ప్రతిభకు గొడ్డలిపెట్టు’ అనేవారు ఈ ప్రతిభ ఎలా తయారవుతున్నదో ఒక్కసారి ఆలోచించాలి.

“తాగడానికి నీళ్ళు లేని చోట టెన్నిస్ గొడవేమిటి?” అన్న ఆక్షేపణ కూడా వస్తుంది. దానిని నేను తేలికగా తీసుకోను. ఇది ఫ్లోరైడు నీళ్ళు తాగి ఎముకలు వంగిన ప్రాంతం. నల్లమలను తొలిచి కృష్ణా జలాలు తెచ్చే వెలిగొండ కోసం తరాలు ఎదురుచూసిన ప్రాంతం. నీళ్ళు ముందు. అందులో వాదం లేదు. కానీ నీళ్ళు వచ్చేదాకా బడి వద్దని ఎవరూ అనరు, ఆసుపత్రి వద్దని అనరు. దళితుల, ఆదివాసుల పిల్లల కోరికల దగ్గరకు వచ్చేసరికే ఈ ప్రాధాన్య క్రమం గుర్తుకువస్తుంది. ఆకలి తీరాకే ఆత్మగౌరవమన్న వాదాన్ని ప్రకాశం జిల్లా ఏనాడో తిరస్కరించింది. 1985లో కారంచేడు రక్తపాతం చెరువునీటి దగ్గర మొదలైంది. దానికి దళితులు ఇచ్చిన జవాబు నీటితో ఆగలేదు, సమాన మానవులుగా గుర్తింపు దాకా సాగింది. 1994లో ఈదుముడిలో మోగిన దండోరా, దళితుల పేరిట వచ్చిన వాటాలో ఎవరికెంత అని నిలదీసింది. ఉమ్మడి స్థలం ఎవరిది అన్న ప్రశ్న ఈ నేలకు కొత్తది కాదు. చెరువు, గుడి, సినిమాహాలు తరువాత ఇప్పుడు ఆటస్థలం వంతు.

ఖరీదైన క్రీడ అన్న కారణంతో చేతులెత్తేయనక్కరలేదనడానికి మన కళ్ళముందే ఒక నిదర్శనమున్నది. 2014 మే 25న పదమూడేళ్ళ గిరిజన బాలిక మాలావత్ పూర్ణ, ఆమెతో పాటు దళిత విద్యార్థి సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు శిఖరాన్ని అందుకున్నారు. పర్వతారోహణ కన్నా ఖర్చైన క్రీడలు తక్కువ. వారిద్దరూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు. వారికి ఆస్తి లేదు, వారి వెనుక ఒక ప్రభుత్వ సంస్థ సంకల్పం ఉన్నది. పిల్లలను ఎంచి, శిక్షణ ఇప్పించి, ఖర్చు భరించి, మీరు చేయగలరని చెప్పిన వ్యవస్థ ఉన్నది. ఆ సంకల్పంలో పదోవంతు ఉన్నా, ఎత్తైన శిఖరం అందిన పిల్లలకు మూడడుగుల వల అందకపోదు.

అందుకే ఈ సీజన్ మొదలయ్యేలోపే చేయదగిన పనులు కొన్నింటిని విశ్వవిద్యాలయం ముందు, ప్రభుత్వం ముందు ఉంచుతున్నాను. మొదటిది, ఎంపిక పోటీలను ఒంగోలుకే పరిమితం చేయకుండా మార్కాపురంలో, గిద్దలూరులో ప్రాథమిక దశ జరపాలి. రెండవది, ప్రయాణ, భోజన భత్యాలు ముందుగానే ఇవ్వాలి. బిల్లు తరువాత అడగవచ్చు. మూడవది, విశ్వవిద్యాలయమే రాకెట్లు, బంతులు కొని, గ్రంథాలయ పుస్తకాల మాదిరి కళాశాలలకు అరువివ్వాలి. నాలుగవది, ప్రభుత్వ స్థలంలో ఉన్న ఏ క్లబ్బు అయినా రోజుకు రెండు గంటలు విద్యార్థులకు కోర్టు ఇవ్వాలన్న షరతును అనుమతి పత్రంలో చేర్చాలి. ప్రజల భూమి మీద గీసిన గీతల లోపలికి ప్రజల పిల్లలు రాకూడదనడం న్యాయం కాదు. ఐదవది, గురుకులాల్లో, ప్రభుత్వ కళాశాలల్లో ఒక సిమెంటు కోర్టు, సాధన గోడ కట్టాలి. ఆట గీతల వరకు 78 అడుగుల పొడవు, 36 అడుగుల వెడల్పు, చుట్టూ కదలడానికి కొంత జాగా. ఇంతకు మించి టెన్నిస్ అడిగే భూమి లేదు.

ఆరవది అన్నింటికన్నా ముఖ్యం. ఏటా విశ్వవిద్యాలయ జట్లలో ఏ క్రీడలో ఏ సామాజిక వర్గాలకు చెందినవారు ఎందరున్నారో పేర్లు లేకుండా లెక్క ప్రకటించాలి. ఎస్సీ, ఎస్టీ, బీసీ అన్న మూడు మూటలతో సరిపెట్టకూడదు. ఉపవర్గీకరణకు సుప్రీంకోర్టు 2024 ఆగస్టు 1న దారి తెరిచాక, వాటాల లెక్క లోపలిదాకా వెళ్ళాలన్నది రాజ్యాంగసమ్మతమైన కోరికే. మాల, మాదిగ, రెల్లి, యానాది, లంబాడీ, చాకలి, మంగలి, దూదేకుల విద్యార్థులు ఎక్కడెక్కడ ఉన్నారో, ఎక్కడ లేరో తేలాలి. దోర్నాల అడవి అంచున ఉండే చెంచు యువకుడు డిగ్రీ దాకా రావడమే అరుదు. వచ్చినవాడు ఏ ఆటలో కనిపిస్తున్నాడో చెప్పే కాగితం ఒక్కటీ లేకపోవడం మన ఉదాసీనతకు కొలత. లెక్క లేని చోట లోటు ఉన్నట్టే తెలియదు.

మార్కాపురం ఒకప్పుడు దేశమంతటికీ పలకలు పంపింది. ఎక్కడెక్కడి పిల్లలో ఆ నల్లని రాతిమీద తొలి గీత గీసి అక్షరం దిద్దుకున్నారు. ఆ రాయిని గనిలో తవ్వి, చీల్చి, నునుపు చేసిన కూలీల పిల్లల్లో ఎందరికి ఆ పలక దక్కిందో మనం ఆలస్యంగా అడిగాము. కోర్టు విషయంలోనైనా ఆలస్యం చేయకూడదు.

ఈ సీజన్ ఫలితాలు రాబోయే నెలల్లో పత్రికల జిల్లా పేజీలలో నాలుగు వాక్యాలుగా వస్తాయి. ఎవరు గెలిచారో అందులో ఉంటుంది. నేను మాత్రం కళాశాలల ప్రవేశపత్రాలలో ఆ ఒక్క గడినే చూస్తాను. పశ్చిమ ప్రకాశం నుంచి ఒక్క కళాశాల అయినా అక్కడ అడ్డగీతకు బదులు ఒక పేరు రాస్తే, ఆ కుర్రవాడు మొదటి ఆటలోనే ఓడిపోయి తిరిగివచ్చినా సరే, ఈ సీజన్ మనకు మొదలైనట్టు. నా విద్యార్థికి ఆ అవకాశం ఇవ్వలేకపోయాము. అతని తమ్ముళ్ళు ఇప్పుడు ఇంటర్ చదువుతున్నారు. వారికైనా గీతలు గీసే పనితో పాటు, గీతల మధ్య నిలబడే హక్కు దక్కాలి.